కోందుల పేరున్న రాయి: బొర్రా గుహ మనకేం చెబుతోంది?

(అక్కుపల్లిలో ఆదివాసీ యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)



కొండ మీది సవర గూడేల నుంచి దిగి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఉన్నారు. ఉద్దానం తోటల ఊళ్ల నుంచి, తీరంలోని మత్స్యకార ఊళ్ల నుంచి మనకు తోడుగా వచ్చిన మిత్రులూ ఉన్నారు. "సముద్రం ఒడ్డున కూర్చుని ఎక్కడో అరకు దారిలో ఉన్న గుహ గురించి మాట్లాడడం ఏటి? మనకీ దానికీ ఏటి సంబంధం?" అని కొందరికి అనిపించొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన కాళ్ల కింద ఇసకలోనే ఉంది.

ఈ తీరంలో అల వెనక్కి పోయాక ఇసక మీద ఎర్రటి, నల్లటి చారలు మిగులుతాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి పట్టించుకోం. ఆ ఎర్ర రవ్వ గార్నెట్. నల్ల రవ్వ ఇల్మనైట్. వాటితో కలిసి సిల్లిమనైట్ అనే ఇంకో ఖనిజం ఉంటుంది. ఇవి సముద్రంలో పుట్టినవి కావు. తూర్పు కనుమల రాళ్లు ఎండకు పగిలి, వానకు నాని, పొడై, వాగుల్లో గెడ్డల్లో కొట్టుకొచ్చి ఇక్కడ చేరాయి. ఆ రాళ్లలో ముఖ్యమైన దాని పేరు ఖొండలైట్.

ఈ పేరు గట్టిగా గుర్తు పెట్టుకోండి. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశాలోని కలహండి కొండల్లో ఈ రాయిని పరిశీలించి, ఆ కొండల్లో ఉండే కోందు ఆదివాసీల పేరు దీనికి పెట్టాడు. ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్ర పుస్తకం తెరిచినా ఈ రాయి పేరు అదే. దీని పక్కనే మన కొండల్లో ఇంకో నల్లటి గట్టి రాయి ఉంటుంది, చార్నోకైట్. అది ఈస్టిండియా కంపెనీ మనిషి జాబ్ చార్నోక్ పేరు. కోల్‌కతాలో అతని సమాధి రాయి ఆ రకానిది కాబట్టి ఆ పేరొచ్చింది. తూర్పు కనుమల్లో పక్కపక్కనే రెండు రాళ్లు: ఒకదానికి ఆదివాసీ పేరు, ఒకదానికి కంపెనీ మనిషి పేరు. కొండ ఎవరిది అన్న తగువు రాళ్ల పేర్లలో కూడా ఉందన్నమాట.

బొర్రా గుహ ఆ ఖొండలైట్ కొండల మధ్యే ఉంది.

గుహ ఎలా పుట్టింది?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో, సుమారు 90 కిలోమీటర్ల దూరాన, అనంతగిరి మండలంలో బొర్రా ఉంది. 2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున గుహ నోరు తెరుచుకుని ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి దాదాపు 80 మీటర్ల లోతు. మన దేశంలోని లోతైన గుహల్లో ఒకటిగా దాన్ని లెక్కేస్తారు.

ఖొండలైట్ నీటికి కరిగే రాయి కాదు. మరి గుహ ఎలా తొలిచింది? బొర్రా దగ్గర ఖొండలైట్ మధ్యలో సుమారు రెండు చదరపు కిలోమీటర్ల మేర వేరే రాయి ఉంది. తెల్లగా, పెద్ద పెద్ద పలుకులతో మెరిసే పాలరాయి. ఒకప్పుడది సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అది భూమి లోతుల్లోకి కూరుకుపోయి, వంద కోట్ల ఏళ్ల కిందట విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి, పాలరాయిగా గట్టిపడింది. దాంట్లో ఉండే ఖనిజమే కాల్సైట్. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, కాసేపట్లో కోర్టులో మళ్లీ వినబడుతుంది.

ఇప్పుడు వాన సంగతి. వాన చినుకు గాల్లోంచి కొంత బొగ్గుపులుసు వాయువు పట్టుకొస్తుంది. అడవి నేలలో, కుళ్లిన ఆకుల్లో, చెట్ల వేళ్ల చుట్టూ ఆ వాయువు ఇంకా ఎక్కువ ఉంటుంది. దాంట్లోంచి ఇంకిన నీరు కాస్త పుల్లబడుతుంది. నాలుకకు తెలిసేంత పులుపు కాదు, సున్నపురాయికి తెలిసేంత. అది రాతి సందుల్లోకి దిగి కొంచెం కొంచెం కాల్సైట్‌ను కరిగించుకుని పోతుంది. సందు పగులవుతుంది, పగులు సొరంగమవుతుంది, సొరంగం గుహ అవుతుంది. ఇలా నీళ్లు కరిగించి తొలిచిన నేలను శాస్త్రంలో కార్స్ట్ అంటారు.

పని అక్కడితో ఆగదు. సున్నం కరిగిన నీరు గుహ కప్పు నుంచి బొట్టు బొట్టుగా కారుతున్నప్పుడు, దాంట్లోని వాయువు గుహ గాల్లోకి పోతుంది. ఇక ఆ నీరు సున్నాన్ని మోయలేదు. బొట్టు వేలాడిన చోట కాస్త వదిలేస్తుంది, కింద పడిన చోట కాస్త వదిలేస్తుంది. పైనుంచి మర్రి ఊడలా దిగేది స్టాలక్టైట్, కింది నుంచి పుట్టలా లేచేది స్టాలగ్మైట్. రెండూ కలిస్తే స్తంభం. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే అది మామూలు వేగం. అంటే జానెడు ఊడ పెరగడానికి రెండు వేల ఏళ్లు పట్టొచ్చు. సెల్ఫీ కోసం ఒకడు చేత్తో విరిస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. నంద్యాల జిల్లాలో బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. అక్కడ సున్నపురాయి పొరలు పొరలుగా, పడుకోబెట్టిన చాపల్లా ఉంటుంది. అందుకే ఆ గుహ అడ్డంగా సాగింది. బొర్రాలో రాయి ఉడికి, మడతలు పడి, నిలువుగా పగుళ్లు తీసింది. పైగా అది కొండ. నీరు కిందికి దూకింది, గుహ లోతుకు పోయింది. నీరు అదే, పులుపు అదే. రాయిని బట్టి గుహ తీరు మారింది.

ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు?

బొర్రా గుహలోంచి గోస్తనీ నది పుడుతుందని అక్కడివాళ్లు చెబుతారు. గోస్తని అంటే ఆవు పొదుగు. గుహలో శివలింగంగా కొలిచే స్టాలగ్మైట్ మీద ఆవు పొదుగులాంటి రాయి వేలాడుతుంటుంది, దాని మీంచి నీరు కారుతుంటుంది. ఆ నది కొండ దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ నగరం తాగుతుంది. ఆదివాసీ కొండ మీద కురిసిన వాన నగరంలో కుళాయి నీళ్లు అవుతోందన్నమాట. కొండ చెడితే కొండవాళ్లకే నష్టం అనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

కార్స్ట్ నేలకు ఒక బలహీనత ఉంది. మన తీరంలో ఇసకలో చలమ తవ్వితే తేట నీరు ఊరుతుంది, ఎందుకంటే ఇసక నీటిని వడగడుతుంది. పాలరాయి కొండలో అలా కాదు. నీరు సొరంగాల్లో ఏరులా పరుగెడుతుంది, వడకట్టే ఇసక లేదు. పైన పారేసిన ప్లాస్టిక్కూ, డీజిలూ, మురుగూ వానకు నేరుగా కిందికి దిగి ఊటలో తేలుతాయి. పైన అడవి కొట్టేస్తే నేలలో ఆ పులుపూ తగ్గుతుంది, తేమా తగ్గుతుంది, బొట్టు ఆగిపోతుంది. చెట్టుకూ గుహకూ ఇంత దగ్గరి సంబంధం ఉంది. ఉద్దానంలో ఉన్నవాళ్లకు భూగర్భ జలం విలువ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ మనిషి లేని ఊరు ఇక్కడ తక్కువ.

చీకట్లో బతికేవాళ్లు

గుహ ఖాళీ కాదు. బొర్రాలో ముఖ్యంగా ఉండేది పండ్లు తినే గబ్బిలం, శాస్త్ర నామం రూసెట్టస్. పురుగుల్ని తినే గబ్బిలాల్లా దీనివి మూసుకుపోయినట్టుండే చిన్న కళ్లు కావు, పెద్దవి. పగలంతా గుహ కప్పుకు వేలాడి, పొద్దు గూకాక అడవిలోకి పోతుంది. నేరేడు, మామిడి, సీతాఫలం తింటుంది. బూరుగు పూలలో తేనె తాగుతుంది. తాగేటప్పుడు మూతికీ ఒంటికీ అంటిన పుప్పొడిని ఇంకో చెట్టుకు చేరుస్తుంది. తిన్న పండ్ల గింజల్ని ఎక్కడెక్కడో రాలుస్తుంది. కూలి అడగకుండా రాత్రిపూట అడవి నాటే పని చేసేది అదే. జీడితోటల్లో పొద్దున్నే సగం కొరికిన పండ్లు కనబడితే తిట్టుకుంటాం గానీ, బూరుగు పూలకు పుప్పొడి చేర్చేవాటిలో ఆ జాతి కూడా ఉంది.

గబ్బిలాల రెట్ట గుహ నేల మీద పేరుకుంటుంది. ఎండ తగలని చోట మొక్క ఉండదు కదా, తిండి ఎక్కడిది? ఆ రెట్టే. దాని మీద పురుగులు, పురుగుల మీద సాలీళ్లు బతుకుతాయి. గబ్బిలం పోతే ఆ చీకటి ఊరంతా ఆకలితో చస్తుంది.

రెండోది బంగారు బల్లి. ఇది మన తూర్పు కనుమల సొంత జీవి. తిరుమల కొండల్లో ఉంది, మన ఉత్తరాంధ్ర కొండల్లో ఉంది. తడి బండల సందుల్లో, గుహల్లో ఉంటుంది. రాతి గోడలకు గుడ్లు గుంపులుగా అంటిస్తుంది. దీని దగ్గరి చుట్టం ప్రపంచం మొత్తంలో ఒక్కటే, శ్రీలంకలో ఉంది. మధ్యలో సముద్రం. సముద్రం వెనక్కి తగ్గి రెండు నేలలూ కలిసి ఉన్న కాలం ఒకటి ఉండేదని ఈ చిన్న ప్రాణి గుర్తు చేస్తోంది. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దీని పేరు ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంత.

ఇక కంటికి ఆనని వాళ్లు. గుహ లోతుల్లో ఊట దగ్గర నారింజ రంగు మెత్తటి పొరలు ఉంటాయి. అవి సూక్ష్మజీవులు. ఎండతో పని లేకుండా, రాతిలోని, నీటిలోని ఖనిజాలతోనే బతకగల జీవులు. వాటి మీద శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు.

పర్యాటకం గుహకు మంచి చేసిందా, చెడు చేసిందా? రెండూ ఉన్నాయి. చుట్టుపక్కల పిల్లలకు గైడు పని, వెదురులో కాల్చిన కోడి అమ్ముకునే బేరం దొరికాయి. కానీ రంగురంగుల దీపాల వేడికి, వెలుగుకు గుహ గోడల మీద నాచు పడుతుంది. వేల మంది ఊపిరి వదిలితే గుహ గాలి మారుతుంది. చేతి జిడ్డు తగిలిన చోట ఊడ పెరగదు. కేకలకు, ఫ్లాష్ వెలుగుకు గబ్బిలాలు పిల్లల్ని వదిలి చెదిరిపోతాయి. వెళ్లండి, చూడండి. ముట్టుకోకండి, అరవకండి.

ఎవరు కనుక్కున్నారు?

1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ గుహను కనుక్కున్నాడని టూరిజం పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో చదువుతాం. జియలాజికల్ సర్వే మొదలైందే 1851లో. ఆఫీసు పుట్టక ముందే ఆఫీసరు ఎలా వచ్చాడో రాసినవాళ్లు ఆలోచించలేదు.

స్థానికులు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు గుహ కప్పులోని కంతలోంచి లోపల పడింది. ఆవును వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లింగం కనబడింది. అప్పటి నుంచీ అక్కడ పూజ, శివరాత్రికి జాతర. కథలో కూడా నిజం ఉంది చూడండి: కరిగే రాయి మీద కప్పు పలచబడి కుంగడం కార్స్ట్ నేలలో జరిగేదే. ఆ కథ చెప్పినవాళ్లకు నేల తీరు తెలుసు. దానికంటే ముందు మాట, ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవ శాస్త్రవేత్తలకు అక్కడ మధ్య పాతరాతి యుగం నాటి రాతి పనిముట్లు దొరికాయి. వేల వేల ఏళ్ల కిందటే మనుషులకు తెలిసిన చోటును ఒక ఆఫీసరు కనుక్కున్నాడని రాయడం ఎందుకు? కనుక్కున్నవాడిదే హక్కు అని చెప్పుకోవడం సులువు కాబట్టి.

కాల్సైట్ కోర్టుకెక్కింది

గుహను పుట్టించిన ఆ తెల్ల రాయే చుట్టుపక్కల ఊళ్లకు కష్టం తెచ్చింది. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతం. ఆ కొండల్లో కాల్సైట్, మైకా తవ్వుకోవడానికి ప్రభుత్వం గిరిజనేతరులకు, కంపెనీలకు లీజులు ఇచ్చింది. నిమ్మలపాడు కొండ బిర్లా పెరిక్లేజ్ కంపెనీకి లీజుకు పోయింది. తరతరాలుగా దున్నుకుంటున్న భూమికి పట్టా అడిగితే సర్వే కాలేదన్నారు. కంపెనీకి లీజు ఇవ్వడానికి మాత్రం సర్వే అడ్డం రాలేదు.

ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు. సమత అనే సంస్థ వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ తేలాల్సిన ప్రశ్న చూడడానికి చిన్నది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, 1970లో సవరించాక మనం 1/70 చట్టం అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తి' అయినా భూమిని గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదు అంటుంది ఆ చట్టం. ఆ 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా వస్తుందా, రాదా?

1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ 'వస్తుంది' అన్నారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ కాదన్నారు. ఇద్దరి మాటే తీర్పు. ప్రభుత్వ భూమే అయినా, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన మైనింగ్ లీజులు చెల్లవు. తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, ఆదివాసీల సహకార సంఘం గానీ తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ఆదివాసీల నీళ్లకు, బడికి, ఆసుపత్రికి, దారికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునేది ఇదే. దాని పుట్టిల్లు బొర్రా.

కానీ జాగ్రత్తగా వినండి, ఒక తీర్పు వస్తే పోరాటం అయిపోయినట్టు కాదు. 2001లో బాల్కో కేసులో ఇదే సుప్రీంకోర్టు, సమత తీర్పు ఆంధ్రప్రదేశ్ చట్టం మాటల మీద ఆధారపడింది, మధ్యప్రదేశ్ చట్టం వేరు, కాబట్టి అక్కడ వర్తించదు అంది. అంటే మన చేతిలో ఉన్న ఆయుధం 1/70. దాన్ని సవరిస్తే తీర్పు కింద నేల కుంగినట్టే. ఇంకోటి, ఖొండలైట్ కొండల నెత్తిన లక్షల ఏళ్ల వానకు బాక్సైట్ ఏర్పడింది. దాని కోసం 2015లో జీవో 97 వచ్చింది. పేరు ప్రభుత్వ సంస్థది, ఖనిజం చేరేది ప్రైవేటు ఫ్యాక్టరీకి. మన్యం అంతా లేచి నిలబడ్డాకే ఆ జీవో ఆగింది, 2019లో రద్దయింది. ముందు తలుపు మూస్తే పక్క తలుపు తడతారు, అంతే తేడా.

గీత బయట ఉన్నవాళ్లం

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. బొర్రాను కాపాడింది ఐదో షెడ్యూలు గీత. ఆ ఊళ్లు గీత లోపల ఉన్నాయి. మన మందస, మెళియాపుట్టి వైపు మహేంద్రగిరి కొండల అంచున ఎన్నో సవర గూడేలు గీత బయట ఉన్నాయి. మనుషులు వాళ్లే, భాష అదే, పోడు అదే, రాయి కూడా అదే. గీత లేదు కాబట్టి 1/70 లేదు, పీసా లేదు, సమత తీర్పు లేదు. టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీలు మీరంతా చూశారు. గ్రానైట్ చిన్న తరహా ఖనిజం. 2015లో కాల్సైట్‌ను కూడా ఆ జాబితాలోకి మార్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజానికి లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అని పీసా చట్టం చెబుతుంది. గీత బయటి గూడేనికి ఆ మాట చెప్పే హక్కే లేదు.

అందుకే ఈ మాటలు చెప్పడానికి వచ్చాను. చేయాల్సినవి నాలుగు.

ఒకటి. మీ గూడెం గీత లోపలా, బయటా? కాగితం మీద చూసి తెలుసుకోండి. బయట ఉంటే, గీత జరిపే అధికారం రాష్ట్రపతి ఉత్తర్వుకే ఉంది. రాష్ట్రం నుంచి ప్రతిపాదన వెళ్లాలి. కాబట్టి ప్రతి గూడెం తీర్మానం రాసి ఐటీడీఏకు, కలెక్టరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒక ఊరు అడిగితే అర్జీ, వంద ఊళ్లు అడిగితే డిమాండ్.

రెండు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ గీతతో పని లేదు. అడవి ఉన్న ప్రతి చోటా అది ఉంది. వ్యక్తిగత పట్టాతో ఆగిపోకండి, సామూహిక అటవీ వనరుల హక్కు కూడా అడగండి. దాంట్లో ఊటలు, గెడ్డలు, గుహలు, కొలుచుకునే బండలు అన్నీ పేరు పేరునా రాయండి. ఒడిశాలో నియమగిరి కొండ మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే, పన్నెండుకు పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. బాక్సైట్ కంపెనీ ఆ కొండ ఎక్కలేదు. అక్కడున్నది డోంగ్రియా కోందులు. రాయికి పేరిచ్చిన జాతే కొండను కూడా కాపాడుకుంది.

మూడు. లీజు మాటతో ఎవరు వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఏ రాయి కోసం? లీజు ఎవరి పేరున, ఖనిజం ఎవరి ఫ్యాక్టరీకి? ఈ కొండ నీళ్లు ఎక్కడికి పోతాయి? జవాబు కాగితం మీద ఇవ్వమనండి. గ్రామసభ మినిట్స్ మీరే రాయండి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

నాలుగు. మన తాతలకు ఏ ఊట ఎప్పుడు ఎండుతుందో, ఏ బండ సందులో గబ్బిలాలు ఉంటాయో, ఏ పూత ఎప్పుడొస్తుందో తెలుసు. అది కాగితం మీద లేదు కాబట్టి ఆఫీసులో లెక్కకు రావడం లేదు. రాయండి. సవరకు 1936లోనే మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశాడు. ఆ లిపిలో రాయండి, తెలుగులో రాయండి, ఫోనులో రికార్డు చేయండి. మీలో చదువుకుంటున్నవాళ్లు కొందరైనా భూగర్భ శాస్త్రం తీసుకోండి. కొండ కింద ఏముందో కంపెనీ మ్యాపుకే తెలిసి, కొండ మీద ఉన్నవాడికి తెలియకపోతే బేరం మొదలవ్వకముందే మనం ఓడిపోయినట్టు.

బొర్రాలో నీరు తొందర పడలేదు, పని మాత్రం ఆపలేదు. మనం అంత నిదానంగా ఉండలేం, లీజులు తొందరగా వస్తాయి. ఈ వారమే మీ గూడేనికి వెళ్లి మొదటి తీర్మానం రాయండి.

జోహార్.